ఉట్టి నేర్పిన ఉపాయం: క్రిస్మస్ చెట్టు, పిల్లికూన

పిల్లి శాపాలకు ఉట్లు తెగిపడవని సామెత. ఆ సామెత పుట్టిన కాలంలో పాలకుండ, పెరుగు ముంత, వెన్న గిన్నె అన్నీ దూలానికి వేలాడే ఉట్టి మీదే ఉండేవి. కింద పిల్లి తిరుగుతూనే ఉండేది. ఎలుకల్ని పట్టాలి కాబట్టి దాన్ని తరిమేయడానికి లేదు. పాలు ముట్టుకోవద్దని దానికి బుద్ధి చెప్పాలనీ ఎవరూ అనుకోలేదు. పిల్లి తీరు మారదని ఒప్పుకున్నారు, కుండ ఉండే చోటు మార్చారు. ఇప్పుడు ఉట్టి అంటే గోకులాష్టమి తర్వాత తిరుమలలో జరిగే ఉట్లోత్సవం గుర్తుకు రావాల్సిందే గానీ, అసలు ఉట్టి వంటింటి సామాను. పిల్లితో కలిసి బతకడానికి మనవాళ్లు కనిపెట్టిన సామాను.

డిసెంబరు వచ్చేసరికి తిరుపతి, చిత్తూరు ఇళ్లలో ఈ పాత తెలివితో మళ్లీ పని పడుతోంది. హాల్లో ఒక మూల క్రిస్మస్ చెట్టు నిలబెడతారు. కొమ్మలకు బంతులు, గంటలు, చమ్కీ దండలు, సీరియల్ లైట్లు. అదే ఇంట్లో వానల్లో తడుస్తూ గుమ్మం దగ్గరికొచ్చి, పిల్లల పుణ్యమా అని లోపలికి చేరిన మూడు నాలుగు నెలల పిల్లికూన ఉంటుంది. లైట్లు వెలిగిన పావుగంటకే కూన చెట్టు మధ్యలో కూర్చుని ఉంటుంది. కూన చేతికి చెట్టు చిక్కిందా, చెట్టు చేతికి కూన చిక్కిందా అన్నది తర్వాత తేలుతుంది.

ఈ చెట్టు మన ప్రాంతానికి మరీ కొత్తదేమీ కాదు. చెట్టును ఇంట్లోకి తెచ్చి అలంకరించే ఆనవాయితీ జర్మన్ నేలల్లో మొదలైంది. జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుంచి లూథరన్ మిషనరీలు 19వ శతాబ్దంలోనే ఈ వైపు వచ్చారు. వాళ్ల పనిలోంచి ఎదిగిన దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘానికి తిరుపతే కేంద్రం. చిత్తూరు వైపు అమెరికన్ ఆర్కాట్ మిషన్ పనిచేసింది. మంచు దేశాల ఫర్ చెట్టు ఇక్కడ పెరగదు. అందుకని బకెట్లో ఇసుక పోసి సరుగుడు కొమ్మ గుచ్చేవాళ్లున్నారు, నర్సరీ నుంచి అరకేరియా కుండీ తెచ్చుకునేవాళ్లున్నారు. ఇప్పుడు ఎక్కువగా కనబడేది మడత విప్పి నిలబెట్టే ప్లాస్టిక్ చెట్టు. మంచు ఎరగని ఊళ్లో కొమ్మల మీద దూది అంటించి మంచు అనుకోవడం కూడా మన ముచ్చటే. ఆ దూది సంగతి కాసేపాగి చూద్దాం.

కూన కంటికి ఆ చెట్టు ఎలా ఉంటుంది?

అలంకరణ చూసి మురిసిపోయి కూన చెట్టెక్కదు. ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా పిల్లి కంటికి సరిగా తెలియదు. మనం ఏరికోరి కొన్న ఎర్ర బంతి దానికి మసకరంగు ఉండ మాత్రమే. కానీ కదలిక విషయంలో పిల్లి కన్ను మహా చురుకు. ఫ్యాన్ గాలికి కొమ్మ చివర బంతి చిన్నగా ఊగితే చాలు, అది పారిపోబోతున్న బల్లి. చమ్కీ దండ గలగలమంటే అది ఆకుల్లో దాగిన పురుగు. మనిషి చెవి ఇరవై వేల హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, పిల్లి చెవి అరవై వేలు దాటినా వింటుంది. మనకు వినబడని ఆ గరగరలన్నీ దానికి వేట కబుర్లే.

ఎత్తు సంగతి వేరే. పిల్లి వేటాడే జంతువే కాదు, తనకంటే పెద్ద జంతువులకు వేట కూడా. నేల మీద కుక్క, చీపురు, పరుగెత్తే పిల్లలు. పైకెక్కితే తనకు అందరూ కనబడతారు, తను ఎవరికీ అందదు. ఇంట్లో ఉన్న బీరువా నున్నగా ఉంటుంది, గోడ జారుతుంది. గోరు దిగేలా, అంచెలంచెలుగా కొమ్మలతో, లోపల దాక్కోవడానికి చీకటితో హాల్లోకి ఒక చెట్టు వచ్చి నిలబడితే అది తన కోసమే వచ్చిందని కూన అనుకోవడంలో తప్పేముంది!

దీనికి వయసు తోడవుతుంది. ఏడెనిమిది వారాల నుంచి కూనలు వస్తువులతో ఆడటం మొదలెడతాయి, నాలుగైదు నెలలకు ఆ ఆట జోరు మీద ఉంటుంది. సరిగ్గా అప్పుడే పాలపళ్లు ఊడుతుంటాయి. 26 పాలపళ్లు పోయి, ఆరో నెల దాటేలోపు 30 శాశ్వత దంతాలు వస్తాయి. చిగుళ్ల దురదకు ఏది దొరికితే అది కొరుకుతుంది. మెత్తగా, సన్నగా ఉండే వైరు దానికి చాలా బావుంటుంది. పైగా పిల్లి పొద్దుగూకే వేళ, తెల్లవారుజామున ఎక్కువ చురుగ్గా ఉంటుంది. మనం లైట్లు వేసేది కూడా పొద్దుగూకే వేళే.

అన్నిటికంటే ప్రమాదం చమ్కీ దండ

చెట్టు పడిపోతుందని, బంతులు పగులుతాయని ఇంట్లోవాళ్ల టెన్షన్. నిజానికి అవి చిన్న నష్టాలు. ప్లాస్టిక్ బంతి పగిలితే ఊడ్చేస్తే సరి. గాజు బంతి అయితే కాళ్లు తెగే ప్రమాదం ఉంది కాబట్టి పిల్లి ఉన్న ఇంట్లో అది పెట్టెలోనే ఉండాలి. అసలు భయపడాల్సింది ఎవరూ భయపడని చమ్కీ దండకు, దాని నుంచి ఊడే సన్నటి తళుకు పోగులకు, బంతికి కట్టిన దారానికి, కానుకల మీది రిబ్బనుకు.

కారణం పిల్లి నాలుకలో ఉంది. దాన్ని ముట్టుకుంటే గరుకుగా తగులుతుంది కదా, అవి గొంతు వైపు వంగిన సన్నటి ముళ్లు. ఎముకకు అంటిన మాంసం గీకడానికి, ఒళ్లు దువ్వుకోవడానికి పనికొస్తాయి. కానీ నాలుక మీద ఒకసారి దారం పడితే ఉమ్మేయడం పిల్లికి కష్టం. ముళ్లు దాన్ని లోపలికే నెడతాయి. ఆడుతూ ఆడుతూ మూరెడు పోగు మింగేస్తుంది. ఇష్టపడి తిన్నదీ కాదు, వద్దనుకున్నా ఆపగలిగిందీ కాదు.

ఆ తర్వాత లోపల జరిగేది లంగా బొందు తెలిసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. దారం ఒక కొస నాలుక అడుగున చుట్టుకునో, జీర్ణాశయం చివర చిక్కుకునో ఆగిపోతుంది. మిగతా పొడవును పేగు తన అలవాటు ప్రకారం ముందుకు తోస్తూనే ఉంటుంది. కొస రాదు, పేగే దారం మీదికి జరిగి కుచ్చుళ్లు పడుతుంది, బొందు లాగితే లంగా కుచ్చుళ్లు పడ్డట్టు. బిగుసుకున్న దారం ఆ మడతల లోపలి గోడను కోస్తుంది. పేగుకు చిల్లి పడితే లోపలి మలినం పొట్టంతా చేరి ప్రాణం మీదికొస్తుంది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఇక్కడ చెలగాటం, ప్రాణసంకటం రెండూ పిల్లివే.

బయటికి కనబడేవి మామూలు లక్షణాలే. వాంతులు, తిండి మానేయడం, చొంగ, మంచం కింద ముడుచుకుని ఉండటం. ఒళ్లు నాక్కుంటూ మింగిన వెంట్రుకల ఉండ అనుకుని రెండు రోజులు ఆగేవాళ్లు ఎక్కువ. ఆ రెండు రోజులే చాలా విలువైనవి. నోట్లోంచి గానీ వెనకనుంచి గానీ దారం కొస వేలాడుతుంటే చేయి ఊరుకోదు, లాగేయాలనిపిస్తుంది. లాగకూడదు. లోపలి కొస ఎక్కడ పట్టుకుని ఉందో తెలియదు, బయట లాగే ప్రతి అంగుళం లోపల కోత అవుతుంది. జారి వచ్చేస్తుందని ఆముదం పట్టడం ఇంకా తప్పు. పేగు కదలిక పెంచడమంటే కోతను పెంచడమే. చాలాసార్లు ఆపరేషన్ ఒక్కటే దారి. దారం ఎక్స్‌రేలో స్పష్టంగా కనబడకపోవచ్చు కాబట్టి పిల్లి దారంతో ఆడిన సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

ఇంత తెలిశాక చమ్కీ దండను పైకొమ్మలకు కట్టాలా, కింద కొమ్మలకు కట్టాలా అన్న చర్చ అనవసరం. పిల్లి ఉన్న ఇంట్లో దానికి చోటు లేదు. దాని బదులు వెడల్పాటి గుడ్డ పట్టీలు, కాగితం నక్షత్రాలు, అట్ట బొమ్మలు వేసుకోవచ్చు. బంతుల ఇనప కొక్కేలు తీసేసి, దారం కొసలు వేలాడకుండా కొమ్మకు బిగించి ముడివేసి దగ్గరగా కత్తిరించాలి. దూది మంచుదీ ఇదే కథ. నమిలితే పోగులు పోగులుగా లోపలికెళుతుంది. ఉత్త ఆకుపచ్చగా ఉన్నా చెట్టు చెట్టులాగే ఉంటుంది, ఒక ఏడాది మంచు కురవకపోతే తిరుపతికి నష్టం లేదు.

సీరియల్ లైట్ల విషయంలో ఒక సంగతి చాలామందికి తెలియదు. బల్బు బుల్లిగా ఉంది కాబట్టి కరెంటు కూడా తక్కువే అనుకుంటారు. చవకగా దొరికే సెట్లు చాలావాటిలో వైరు నేరుగా ప్లగ్గుకు పోతుంది, మధ్యలో వోల్టేజీ తగ్గించేదేమీ ఉండదు. రంగులు మార్చే చిన్న డబ్బా ఉంటుంది గానీ అది అడాప్టర్ కాదు. అంటే ఆ సన్న వైరులో ఉన్నది ఇంటి 230 వోల్టులే. కూన పళ్లు వైరు పైతొడుగును దాటితే నోరు, నాలుక కాలతాయి. షాక్ తిన్న పిల్లికి కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం కూడా ఉంది. కాసేపటికి లేచి తిరిగిందని ఊరుకోకుండా అదే రోజు చూపించాలి. వైరు కరిచి బిగుసుకుపోయిన కూనను చేత్తో ముట్టుకోకముందే స్విచ్ ఆపాలి, కుదరకపోతే మెయిన్ తీసేయాలి.

అడాప్టర్ ఉండి తక్కువ వోల్టేజీతో వెలిగే సెట్ కొనడం, వైరును గోడ వెంట కేసింగ్ పట్టీలోంచి తీసుకెళ్లడం, హాల్లో మనుషులు లేనప్పుడు ప్లగ్గు పీకేయడం, ఈ మూడూ చేస్తే చాలావరకు భయం తీరుతుంది. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ ఇంట్లో ఉంటే పిల్లికే కాదు, పాకే పిల్లలకూ మంచిదే. బ్యాటరీ లైట్లయితే షాక్ భయం ఉండదు గానీ బిళ్ల బ్యాటరీ మింగితే ఆహారనాళం కాలిపోతుంది. డబ్బాకు స్క్రూ బిగించి ఉందో లేదో చూసుకోవాలి.

చెట్టు పక్కన పెట్టే పువ్వులు, తిండి గురించి రెండు మాటలు. లిల్లీ పువ్వులు పిల్లి ఉన్న ఇంటికి రాకూడదు. ఇవి దండల్లో గుచ్చే మన సంపెంగ రకం లిల్లీలు కావు, బొకేల్లో వచ్చే పెద్ద గొట్టం పువ్వులు. వాటి రేకు, ఆకు, పుప్పొడి, కుండీలో నీళ్లు ఏది కొంచెం లోపలికెళ్లినా పిల్లి మూత్రపిండాలు చెడిపోతాయి. పందిళ్లకీ గుడులకీ కట్టే సైకస్ ఆకు కాలేయానికి చేటు. ఎర్రాకుల పాయిన్‌సెట్టియాకు మాత్రం ఉన్నంత చెడ్డపేరు అక్కర్లేదు, నోరు మండి కాస్త వాంతి చేసుకుంటుంది అంతే. పిల్లి నాలుకకు తీపి రుచి తెలియదు, కేకు మీద దాని కన్ను వెన్న కోసమే. చాక్లెట్టు, ఎండుద్రాక్ష, ఉల్లిపాయ ఉన్నవేవీ దానికి పెట్టకూడదు.

చెట్టును కదిలించాలి, పిల్లిని కాదు

ఇక ఉట్టి దగ్గరికి వద్దాం. మూడడుగుల లోపు చెట్టయితే అల్మారా మీదో గోడకు కొట్టిన బల్ల మీదో పెట్టడం అన్నిటికంటే తేలిక. పక్కన ఎక్కడానికి కుర్చీ, సోఫా చేయి, కర్టెన్ లేకుండా చూడాలి. పెద్ద పిల్లి నాలుగైదు అడుగులు కష్టం లేకుండా ఎగురుతుంది కాబట్టి ఎత్తు ఒక్కటే సరిపోదు, కాలు మోపడానికి చోటు లేకపోవడం ముఖ్యం. పాత ఇళ్లలో ఉయ్యాల కోసం వేసిన కొక్కేలు ఇంకా ఉన్నాయి. చిన్న చెట్టును కుండీతో సహా ఆ కొక్కేనికి వేలాడదీసినా అందంగానే ఉంటుంది. ఏకంగా ఉట్టే! తిరుపతి బైరాగిపట్టెడలోనో చిత్తూరు గ్రీమ్స్‌పేటలోనో రెండు గదుల అద్దె ఇంట్లో నేల కూడా కలిసొస్తుంది.

నిలువెత్తు చెట్టే కావాలంటే దాన్ని కట్టేయాలి. మూడు కాళ్ల ప్లాస్టిక్ స్టాండు మీద నిలబడ్డ చెట్టుకు అడుగున బరువు ఉండదు. మూడు నెలల కూన కిలో, కిలోన్నర తూగినా, దూకుడుగా పైకొమ్మ పట్టుకుంటే ఆ ఊపుకు చెట్టు వాలిపోతుంది. స్టాండును పలకకు స్క్రూలతో బిగించి, చెట్టు నడుము దగ్గర ఒకటి, తల దగ్గర ఒకటి గట్టి తీగ చుట్టి కిటికీ ఊచకు కట్టాలి. కట్టు బిగుతుగా ఉండాలి, వదులుగా వేలాడితే అదీ ఆటవస్తువే. కింది రెండు వరసల కొమ్మలు ఖాళీగా వదిలేయాలి.

బకెట్లో ఇసుక పోసి కొమ్మ గుచ్చేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. మెత్తటి ఇసుక కనబడితే అది తన మరుగుదొడ్డి అని పిల్లికి పుట్టుకతో తెలుసు. పండగ మూడోరోజుకు చెట్టు మూల వాసన మొదలైతే తప్పు కూనది కాదు. ఇసుక మీద గుండ్రాళ్లు పరిచి, పైన గోనె గుడ్డ చుట్టి కడితే ఆ గొడవ ఉండదు. యేసు పుట్టుకను చూపిస్తూ చెట్టు దగ్గర పెట్టే బొమ్మల పశువుల పాకలో పరిచే వరిగడ్డిదీ దాదాపు ఇదే కథ, కాకపోతే అక్కడ పడుకోవడానికే ఎక్కువ ఇష్టపడుతుంది. బాలయేసు బొమ్మను పక్కకు నెట్టి తొట్టిలో ముడుచుకుని నిద్రపోతున్న కూనను లేపాలని ఎవరికీ అనిపించదు గానీ, చిన్న బొమ్మలు, విడి గడ్డిపోచలు అక్కడ లేకుండా చూసుకోవాలి.

అలంకరణ ఏ క్రమంలో చేయాలన్నది కూడా లెక్కే. కొత్త వస్తువు మీద పిల్లికి ఉండే మోజు ఆ వస్తువు మారకుండా అలాగే ఉంటే తగ్గుతుంది, కొంచెం మారితే మళ్లీ మొదలవుతుంది. అందుకని రోజుకో బంతి, రోజుకో గంట చొప్పున తగిలించడం ముచ్చటగా ఉన్నా, కూనకు రోజూ కొత్త చెట్టు చూపించడమే అవుతుంది. బోసి చెట్టును నాలుగైదు రోజులు అలాగే వదిలేయడం, ఎక్కనిచ్చి దిగనిచ్చి దాని మోజు కాస్త తీరాక ఒకే విడతలో అలంకరించడం మేలు.

చెడు చేసే చిట్కాలు

పిల్లిని దూరం పెట్టడానికి ఇళ్లలో మొదట గుర్తొచ్చేవి కలరా ఉండలు. చెట్టు మొదట్లో నాలుగు పడేస్తే వాసనకు రాదంటారు. అది నాఫ్తలీన్. పిల్లి నాకినా కొరికినా రక్తకణాలు, కాలేయం దెబ్బతింటాయి. ఫినాయిల్ తుడుపూ అంతే. చాలా జంతువులు అలాంటి రసాయనాలను కాలేయంలో విరిచి బయటికి పంపగలవు, పిల్లికి ఆ శక్తి చాలా తక్కువ. కాళ్లకు అంటిన ఫినాయిల్‌ను నాకి శుభ్రం చేసుకోవడమే దానికి విషమవుతుంది. జ్వరమొచ్చిందని మనుషుల పారాసిటమాల్ వేస్తే పిల్లి చనిపోవచ్చని చెప్పేదీ ఈ కారణంతోనే, ఒక్క మాత్ర చాలు. కారం చల్లడం గురించి చెప్పడానికే చిరాకు, కాళ్ల నుంచి కళ్లలోకి పోతుంది.

వాసనలో పనికొచ్చేది నారింజ, బత్తాయి తొక్క. పిల్లులకు అది గిట్టదు. పచ్చి తొక్కలు చెట్టు మొదట్లో వేసి, ఎండాక మార్చుకోవచ్చు. సీసాల్లో అమ్మే నారింజ నూనె మాత్రం వాడకూడదు, చిక్కగా ఉండి అదీ విషమే. కొన్ని పిల్లులు తొక్కలను లెక్కచేయవు, బంతిలా తన్నుకుంటూ పోతాయి. అలాంటప్పుడు చెట్టు చుట్టూ వంటింటి అల్యూమినియం కాగితం పరిస్తే, కాలికి తగిలే తీరు, చప్పుడు నచ్చక చాలావరకు వెనక్కి తగ్గుతాయి.

నీళ్లు చల్లడం, చప్పట్లు కొట్టడం, అరవడం వల్ల కూన నేర్చుకునేది ఒక్కటే, మనుషులు ఉన్నప్పుడు చెట్టెక్కకూడదని. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు అంటాం గానీ, అది కళ్లు తెరిచే, మనం నిద్రపోయామో లేదో చూసే ఎక్కుతుంది. ఆటలో ఉన్న కూనకైతే మన అరుపులు, పరుగులు ఆటలో భాగమే.

దానికి చెట్టు కంటే మంచి పని చూపించడమే సరైన మందు. లైట్లు వేయడానికి ముందు పావుగంట చీపురు పుల్లకు గుడ్డ పేలిక కట్టి ఆడించి, అలసిపోయాక తిండి పెడితే, వేట, తిండి, ఒళ్లు నాక్కోవడం, నిద్ర అనే వరసలో పడిపోతుంది. ఆట అయ్యాక ఆ పుల్లను బీరువాలో పెట్టాలి, అది కూడా దారమే. చెట్టుకు ఎదురుగా కిటికీ పక్కన చెట్టు కంటే ఎత్తయిన చోటు ఒకటి ఇవ్వాలి. కర్రకు కొబ్బరి తాడు బిగించి చుడితే గోళ్లు గీకడానికి చెట్టు మాను కంటే బావుంటుంది.

విదేశాల్లో పిల్లుల కోసం క్యాట్‌నిప్ అనే, వాసనతోనే వాటికి మత్తెక్కించే మొక్కను అమ్ముతారు. మన దొడ్డి గోడల పక్కన పిచ్చిగా మొలిచే కుప్పింటాకు వేరుకు దాదాపు అదే గుణం ఉంది. అప్పుడే పీకిన వేరు దగ్గరికి పిల్లులు చేరి, మూతి రుద్దుకుని పొర్లడం పల్లెల్లో అందరూ చూసిందే. ఎదిగిన పిల్లి ఉంటే చిన్న వేరు ముక్కను దాని ఎత్తుచోట రుద్దితే మనసు చెట్టు నుంచి అటు మళ్లుతుంది. తిననివ్వకూడదు, వాసన వరకే. నెలల కూనలకు ఇలాంటి వాసనలు పెద్దగా ఎక్కవు, వాటికి అట్టపెట్టె చాలు.

ఇంట్లో ప్రార్థనకు నలుగురూ చేరే రోజు కూనను నీళ్లు, తిండి, ఇసుక పళ్లెంతో వేరే గదిలో ఉంచడం అందరికీ హాయి. తద్దినం రోజు అడ్డొస్తోందని పిల్లిని గంప కింద మూస్తే, తర్వాతి తరం వాళ్లు తద్దినానికి పిల్లి తప్పనిసరి అనుకుని ఎక్కడినుంచో తెచ్చి మరీ మూశారని కథ ఉంది. గంప కాకుండా గది అయితే ఆ కథలో పిల్లికి కూడా అభ్యంతరం ఉండేది కాదు. దసరాకు బొమ్మల కొలువు పెట్టే చిత్తూరు ఇళ్లకు ఇదంతా కొత్త కాదు. మూడు, అయిదు, ఏడు మెట్లు కట్టి తెల్లగుడ్డ పరిస్తే కూనకు అంతకంటే మంచి నిచ్చెన ఏముంటుంది? గుడ్డ అంచు నేలకు వేలాడకుండా లోపలికి మడిచి పిన్ను పెట్టడం, పాత మట్టిబొమ్మల అడుగున మైనం అంటించి మెట్టుకు అతికించడం చెట్టుకు చేసే ఏర్పాట్ల లాంటివే.

డిసెంబరు 25 సెలవు రోజు. డాక్టరు ఎప్పుడు దొరుకుతారో ముందు రోజే అడిగి ఉంచుకోవాలి. తిరుపతిలో పశువైద్య కళాశాల 1955 నుంచి ఉంది, 2005లో దాని చుట్టూ శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. పిల్లులకు చికిత్స చేసేవాళ్లు లేని ఊరు కాదు, చేరేసరికి ఆలస్యం కాకూడదు అంతే.

చెట్టు తీసేది కొందరు కొత్త సంవత్సరం రోజున, కొందరు జనవరి 6 తర్వాత. ప్లాస్టిక్ ఆకులు, దారం ముక్కలు ఎక్కువగా రాలేది ఆ రోజే. కూనను గదిలో ఉంచి, సోఫా కింద, తలుపు వెనక టార్చి వేసి చూసి ఊడ్వాలి. అప్పుడు దొరకనివి భోగికి ఇల్లు దులిపేటప్పుడు బయటపడతాయి. వాటిని భోగిమంటలో వేయకూడదు, కాలితే విషపు పొగ. మూత ఉన్న చెత్తబుట్టలోనే వేయాలి, మూత లేని బుట్టను పడదోయడం కూనకు అప్పటికి వచ్చేసి ఉంటుంది.